పెట్రోలులో కలిపెడి మందుల కథ

యర్రగొండపాలెమునుండి దోర్నాల మీదుగా శ్రీశైలమునకు పోవు ఘాటు రోడ్డుపై, ఇద్దరు మనుష్యులను, ఒక మూటను మోయుచు ఎక్కెడి మోటారు సైకిలు ఒక్కొక్కప్పుడు టకటకమని చప్పుడు చేయును. అట్టి బండి యజమానికి అంగళ్లలో చిన్న సీసాలలో అమ్మెడి పెట్రోలు మందు గుర్తునకు వచ్చుట సహజము. మైలేజి పెరుగును, బలము హెచ్చును, ఇంజను శుభ్రమగును అని ఆ సీసాలపై వ్రాసి యుండును. ఈ మాటలలో నిజమెంత? దీనికి సమాధానము సీసాపై కంటె పెట్రోలు చరిత్రలోనే స్పష్టముగ దొరకును.

మొదట ఆ టకటక యేమో తెలిసికొందము. ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి నొక్కబడి, ప్లగ్గు ఇచ్చు నిప్పురవ్వతో క్రమముగ మండవలెను. ఆ మంట వ్యాపించి చేరకమునుపే మిగిలిన మిశ్రమము తనంతట తాను భగ్గుమన్నచో, పిస్టను నెత్తిన సుత్తిదెబ్బ పడినట్లగును. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన కాలమున మోటారు నిపుణులను ఎక్కువగ బాధించిన లోపమిదియే. అమెరికాలో డేటన్ నగరమున జనరల్ మోటార్సు పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీయు, ఆయన సహచరులును ఎన్నో పదార్థములను పరీక్షించి, 1921 డిసెంబరు 9న సీసము గల ఒక ద్రవమును కనుగొనిరి. దాని పేరు టెట్రా ఇథైల్ లెడ్డు. అతి స్వల్పముగ కలిపిన చాలును, టకటక ఆగిపోయెను. 1923 ఫిబ్రవరిలో అదే నగరమున దానిని అమ్మకమునకు పెట్టిరి. పేరు మాత్రము ‘ఇథైల్’ అని మాత్రమే ఉంచిరి. సీసమను మాట కొనువారి చెవిని పడలేదు.

ఆ మందు పని చేసెను. అందులో సందేహము లేదు. కాని 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారమున దానిని తయారు చేయుచున్న పనివారికి విషమెక్కి మతి చలించెను; వారిలో ఐదుగురు మరణించిరి. 1925లో అమ్మకము నిలిపిరి. ప్రభుత్వము నియమించిన సంఘము విచారించిన పిమ్మట 1926లో తిరిగి ఆరంభించిరి. సీసపు పొగ నలువది ఏండ్లు లోకమంతట వ్యాపించిన తరువాత, 1965లో క్లెయిర్ ప్యాటర్సన్ అను శాస్త్రజ్ఞుడు మానవుల శరీరములలో సీసము సహజమైన పరిమితిని ఎంతగా మించినదో చూపెను. పసిపిల్లల మెదడునకు దానివలన కలుగు హాని తరువాతి పరిశోధనలలో రూఢి యయ్యెను.

మన దేశమున 1995లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో సీసము లేని పెట్రోలు ప్రవేశించినది. 2000 ఫిబ్రవరినుండి దేశమంతట అదియే. ప్రపంచమున చివరిగా అల్జీరియా 2021లో సీసపు పెట్రోలు అమ్మకమును నిలిపినది. డేటనులో ఆరంభమైన కథ ముగియుటకు తొంబది యెనిమిది ఏండ్లు పట్టెను. ఇంజనుకు మేలు చేసినది మనిషికి మేలు చేయునని నమ్మరాదని ఆ కథ చెప్పుచున్నది.

అయినచో కలిపెడిదెల్ల చెడ్డదా? కాదు. రాజదూతు, యెజ్డీ వంటి పాత బండ్లలోను, ఆనాటి టి.వి.యస్. మోపెడులలోను పెట్రోలులో నూనె కలిపి పోయుట మన పల్లెలలో అందరెరిగినదే. ఆ టూ స్ట్రోకు ఇంజనులలో పెట్రోలుతోపాటు పోవు నూనెయే లోపలి భాగములను తడుపును. అది లేనిచో ఇంజను పట్టివేయును. అట్లే 1950లనుండి కార్బ్యురేటరులోని మడ్డిని కరిగించు పదార్థములను కొన్ని కంపెనీలు పెట్రోలులోనే చేర్చుచు వచ్చినవి. మన బంకులలో ఎక్కువ ధరకు దొరకు ప్రత్యేకపు పెట్రోలులలోను అట్టివి కలవు. వీటిలో ప్రతిదానికి నిర్దిష్టమైన ఒక పని కలదు. మడ్డి పట్టిన బండికి శుభ్రపరచు మందు కొంత ఉపకరింపవచ్చును. శుభ్రముగ ఉన్న బండికి అది చేయవలసిన పని లేదు. టకటక లేని ఇంజనుకు ఆక్టేను పెంచినందువలన అదనపు బలము రాదు.

ఇంధనము ఖరీదైనపుడు మనుష్యులలో ఆశ పెరుగును. 1996లో తమిళనాడున ఒకడు మూలికలతో నీటిని పెట్రోలుగా మార్చెదనని చెప్పగా దేశమంతయు చెవియొగ్గినది. ఇరువది ఏండ్ల తరువాత, 2016లో, చెన్నై న్యాయస్థానము దానిని మోసముగ తేల్చి శిక్ష విధించినది. అమెరికా పర్యావరణ సంస్థ ఇంధనము ఆదా చేయునను నూరుకు పైగా సాధనములను పరిశీలించి, మైలేజిని చెప్పుకోదగినంతగా పెంచినది ఒక్కటియు లేదని తెలిపినది.

నేటి పెట్రోలులో మరియొక కలపకము కలదు. 2003లో ఆంధ్రప్రదేశముతో సహా కొన్ని రాష్ట్రములలో 5 శాతము ఇథనాలు కలుపుట ఆరంభమైనది. 2025 నాటికి అది 20 శాతమునకు చేరినది. ఇథనాలు టకటకను అణచును. కాని లీటరు పెట్రోలులో గల శక్తిలో లీటరు ఇథనాలునకు మూడింట రెండు వంతులే కలదు. కావున మైలేజి కొంత తగ్గుట సహజము. లేని శక్తిని సీసాలోని మందు తెచ్చిపెట్టజాలదు. ఇథనాలు నీటిని పీల్చును. పాత బండ్ల రబ్బరు గొట్టములను చెరుపగలదు. బండిని నెలల తరబడి పెట్రోలుతో నిలువ ఉంచకుండుటయు, గొట్టములను చూచి మార్చుకొనుటయు దీనికి తగిన జాగ్రత్తలు.

ఎవరైన మందును పరీక్షింపదలచినచో పద్ధతి కష్టము కాదు. అదే దారిలో, అదే బరువుతో, టాంకు నింపి, మందు లేకుండ కొన్ని మారులు, మందుతో కొన్ని మారులు నడిపి లెక్క వ్రాసికొనవలెను. ఒక్క ప్రయాణము చాలదు. ఎదురుగాలియు, చక్రములలో తగ్గిన గాలియు మందు చూపెడి తేడాకంటె ఎక్కువ తేడా చూపగలవు.

బరువుతో ఘాటు ఎక్కునపుడు టకటకమన్న బండికి ముందుగ గేరు తగ్గింపవలెను. అప్పటికిని మానకున్న ప్లగ్గును, గాలి జల్లెడను, ఇంజనులో పట్టిన మసిని మెకానికుచేత చూపింపవలెను. చక్రములలో గాలి సరిచూచి, సకాలమున నూనె మార్చి, నమ్మకమైన బంకులో పెట్రోలు పోయించుకొనిన యజమానికి సీసా మందు అవసరము అరుదు. సీసా కొనుటకు పూర్వము అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: మన బండిలోని యే లోపమునకు ఈ మందు? ఆ ప్రశ్నకు అమ్మువాడు సూటిగ బదులు చెప్పలేనిచో ఆ రూపాయలు జేబులో ఉండుటయే మేలు.