ఆవేశిత లోహపు క్లస్టర్లు: నిలకడ, విచ్ఛిత్తి

కొన్ని పరమాణువులు మొదలుకొని కొన్ని వేల పరమాణువుల దాకా గుమిగూడిన ముద్దను లోహపు క్లస్టర్ అంటారు. దాని నుంచి ఎలక్ట్రాన్లను లాగేస్తే మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. తలతన్యత ముద్దను చెదరనివ్వదు. 1882లో రేలీ ద్రవబిందువుకు హద్దు కట్టాడు: వికర్షణ శక్తి తలశక్తికి రెట్టింపైతే బిందువు నిలవదు. 1939లో బోర్, వీలర్ ఈ ఊహనే యురేనియం కేంద్రకానికి అన్వయించారు. రెండు ఆవేశాల సీసపు క్లస్టర్లు 30 పరమాణువులకన్నా తక్కువైతే కనిపించవని 1981లో సాట్లర్ బృందం చూపింది.

అప్పటి నుంచి క్లస్టర్‌ను బుల్లి యురేనియం కేంద్రకంగా చెప్పడం ఆనవాయితీ అయింది. ఈ పోలిక రెండు చోట్ల తడబడుతుంది.

మొదటిది హద్దు. రేలీ లెక్కన రెండు ఆవేశాల సోడియం క్లస్టర్ 10 పరమాణువులతోనే నిలవాలి, ఏడు ఆవేశాలది సుమారు 125తో. లేజర్ ప్రయోగాల్లో అవి వరుసగా 27, 445 దగ్గర గాని కనిపించలేదు. కారణం వేడి. వేడెక్కిన క్లస్టర్‌కు రెండు దారులు: తటస్థ పరమాణువును ఆవిరిగా వదలడం, లేదా ఆవేశంతో సహా చీలడం. చీలడం తేలికయ్యే పరిమాణమే ప్రయోగంలో హద్దుగా కనబడుతుంది. అంతకన్నా చిన్నవాటికీ చీలడానికి అవరోధం ఉంటుంది; చల్లగా ఉంటే అవీ నిలుస్తాయి.

రెండోది చీలే తీరు. ఓర్సేలో బ్రెషిన్యాక్ బృందం 1990లో చూసినప్పుడు, హద్దు దగ్గరి సోడియం క్లస్టర్ సగానికి చీలలేదు. ఎక్కువగా మూడు పరమాణువుల, ఒక ఆవేశపు తునకను విసిరింది. రెండు ఎలక్ట్రాన్లతో కక్ష్య నిండిన తునక అది. బంగారంలోనూ మూడు పరమాణువుల తునకే ముందుంటుంది.

దీనికి దగ్గరి పోలిక ఆల్ఫా క్షయం. యురేనియం-238 తనంతట తాను క్షయమయ్యేది దాదాపు ఎప్పుడూ ఆల్ఫా కణాన్ని వదిలే. విచ్ఛిత్తి సుమారు 20 లక్షల్లో ఒకసారి. ఆల్ఫా కూడా కక్ష్యలు నిండిన చిన్న తునకే. అయితే పోలికను ఇక్కడా సాగదీయకూడదు: ఆల్ఫా అవరోధాన్ని సొరంగంలోంచి దూరినట్టు దాటుతుంది, క్లస్టర్ తునక వేడి బలంతో ఎక్కి దాటుతుంది.

తర్వాత అధిక ఆవేశం గల అయాన్ల తాకిడితో, క్లస్టర్‌ను అంతగా వేడెక్కించకుండానే ఆవేశం పెంచగలిగారు. అప్పుడు కనిపించే పరిమాణాలు రేలీ హద్దుకు దగ్గరయ్యాయి. రేలీ లెక్క తప్పు కాదని, దాన్ని సరిచూడడానికి వాడిన క్లస్టర్లే మరీ వేడివని దీంతో తేలింది. అందుకే ఉష్ణోగ్రత చెప్పని కనిష్ఠ పరిమాణాల పట్టిక, ఎంత ప్రసిద్ధమైనా, అసంపూర్ణమే. నేటి వ్యాఖ్యానాల్లో ఈ జాగ్రత్త ఇంకా చాలదు.