క్రాస్ చెక్కు

చెక్కు మీద, సాధారణంగా ఎడమవైపు పైమూలన, ఏటవాలుగా రెండు గీతలు గీస్తే అది క్రాస్ చెక్కు అవుతుంది. గీతలు లేని బేరర్ చెక్కు ఎవరి చేతిలో ఉంటే వారికి కౌంటర్లో డబ్బు ఇచ్చేస్తారు. గీతలు పడితే ఆ దారి మూసుకుపోతుంది. సొమ్ము బ్యాంకు ఖాతా ద్వారానే రావాలి.

ఈ గీతలు దొంగల భయంతో పుట్టినవి కావు. 18వ శతాబ్దపు లండన్‌లో బ్యాంకు గుమాస్తాలు చెక్కుల కట్టలు పట్టుకుని రోజూ ఒక్కో బ్యాంకు గడపా ఎక్కి డబ్బు వసూలు చేసుకొచ్చేవారు. ఈ తిరుగుడు పడలేక 1770 ప్రాంతంలో లొంబార్డ్ వీధి దగ్గరి ఫైవ్ బెల్స్ అనే మద్యశాలలో కలుసుకుని, చెక్కులు అక్కడే మార్చుకుని, తేడా మొత్తం మాత్రమే చెల్లించుకోవడం మొదలుపెట్టారు. 1773 నాటికి ఒక గది అద్దెకు తీసుకున్నారు. క్లియరింగ్ హౌస్‌కు మూలం అదే. ఏ చెక్కు ఎవరు తెచ్చారో తెలియడానికి గుమాస్తాలు దాని మీద అడ్డంగా తమ బ్యాంకు పేరు రాసేవారు. ఇది ఖాతాదారులకూ నచ్చింది. అవతలివారి బ్యాంకు ఏదో తెలియనప్పుడు, పేరుకు చోటు వదిలి, గీతల మధ్య ‘అండ్ కో’ అని మాత్రం రాసేవారు. నేటికీ కొందరు అర్థం తెలియకుండానే ఆ మాట రాస్తుంటారు. 

ఆచారానికి చట్టబలం అంత తేలిగ్గా రాలేదు. 1856లో బ్రిటిష్ పార్లమెంటు క్రాసింగ్‌ను గుర్తించింది. మరుసటి ఏడాదే సిమండ్స్, టేలర్ కేసులో దాని డొల్లతనం బయటపడింది. దొంగిలించిన చెక్కు మీద గీతలు చెరిపేసి డబ్బు తీసుకున్నారు. గీతలు చెక్కులో భాగం కావు కాబట్టి బ్యాంకు తప్పేమీ లేదని కోర్టు తేల్చింది. దాంతో 1858లో చట్టం సవరించి, వాటిని చెక్కులో ముఖ్య భాగం చేశారు. 1876 చట్టం ‘నాట్ నెగోషియబుల్’ అన్న మాటను చేర్చింది. ఆ మాట ఉన్న చెక్కును దొంగ దగ్గర తీసుకున్నవారికి, ఎంత నిజాయితీపరులైనా, దొంగకున్న హక్కుకు మించి రాదు.

మన దేశంలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1882 మార్చి 1న అమల్లోకి వచ్చింది. క్రాసింగ్ నియమాలు 123వ సెక్షన్ నుంచి మొదలవుతాయి. గీతల మధ్య బ్యాంకు పేరు రాస్తే అది ప్రత్యేక క్రాసింగ్. ఆ బ్యాంకు ద్వారా తప్ప డబ్బు రాదు.

ఇప్పుడు అందరూ రాసే ‘అకౌంట్ పేయీ’ వీటన్నిటికన్నా గట్టిది. అలా రాసిన చెక్కును అందులో పేరున్నవారి ఖాతాలో తప్ప జమ చేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. పరిమితి దాటిన వ్యాపార ఖర్చులను చెక్కుతో చెల్లిస్తే, అది ఇలాంటిదే కావాలని ఆదాయపు పన్ను చట్టం కూడా కోరుతుంది. బ్రిటన్ 1992లో చట్టం చేసి ఆ మాటలకు బలమిచ్చింది. మన 1881 చట్టంలో మాత్రం అవి లేవు.