ఎవరి స్వపరిపాలన? – చీరాల, పేరాల చెప్పిన పాఠము

పరపాలన నుండి విముక్తి పొందిన దేశములన్నిటను ఒక ప్రశ్న తలయెత్తుచునే యున్నది. జెండా మారినది, పాలకులు మారిరి, కచేరీలు, చట్టములు, వాని నడవడి మాత్రము చాలవరకు మునుపటివే. అట్టిచోట ‘ఇది మాది’ అనదగినది ఏది? భాషయా, వేషమా, ప్రాచీన వైభవమా? భారత స్వాతంత్ర్యమునకు ఇరువదియారేండ్లకు ముందే, గుంటూరు సీమలోని నేతగాండ్ర ఊళ్లు రెండు ఈ ప్రశ్నకు తమ తీరున సమాధానము చెప్పినవి.

చీరాల, పేరాల ఆనాడు గుంటూరు జిల్లాలోనివి. 1970లో ఏర్పడిన కొత్త జిల్లాలో చేరి, పిదప ప్రకాశము జిల్లావిగా పేరొంది, 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నవి. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత మద్రాసు ప్రభుత్వము వీనిని కలిపి పురపాలక సంఘముగా మార్చెను. ఏటికి 4 వేల రూపాయలుగా నున్న పన్ను దాదాపు 40 వేలకు పెరిగినది. మగ్గమును నమ్ముకొని బ్రతుకు కుటుంబములకు ఇది మోయరాని బరువు. మాకీ సంఘము వలదని జనులు మొరపెట్టుకొనిరి. ఆ మొర ఆలకించిన వారు లేరు. పన్ను కట్టనందుకు కొందరు చెరసాలకు పోయిరి. అందొక స్త్రీయు కలదు. ఇందలి విపరీతమును గమనింపుడు: ప్రభుత్వభాషలో పురపాలక సంఘమునకు ‘స్థానిక స్వపరిపాలన’ యని పేరు! అడుగనివారికి, వలదన్నవారికి, పైనుండి దిగిన స్వపరిపాలన యది.

ఈ ఉద్యమమునకు నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన ఎడింబరోలో ఎం.ఏ. చదివినవాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని ‘అభినయదర్పణము’ను ఇంగ్లీషులోనికి అనువదించెను, ఆ గ్రంథము 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము వారి ప్రచురణగా వెలువడెను. అట్టి పండితుడు ప్రాచీన కళను పాశ్చాత్యులకు చూపి తృప్తిపడి యుండవచ్చును. ఆయన అట్లు ఊరకుండలేదు. సామాన్యులకు తెలిసిన రామకథ నుండి పేరు తెచ్చి ‘రామదండు’ అను స్వచ్ఛంద సేవకుల దళమును నిర్మించెను. ఇంగ్లీషు పేరు తగిలించిన సంఘములో చేర సంకోచించు పల్లెవాడు రామదండులో చేరుటకు ఎవరి అనుమతి యడుగ నక్కరలేదు గదా!

1921 ఏప్రిలులో, బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము ముగిసిన పిమ్మట, గాంధీ మహాత్ముడు చీరాలకు వచ్చెను. పురపాలక సంఘపు ఎల్లలు దాటి పోయినచో పన్ను బాధ యుండదని ఆయన ఒక త్రోవ చూపెను. జనులు ఆ త్రోవనే పట్టిరి. సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా ఇండ్లు విడిచి, ఎల్లకు ఆవల గుడిసెలు వేసికొనిరి. ఆ కొత్త ఊరికి రామనగరమని పేరు. అక్కడ వారు తమ తగవులను తామే తీర్చుకొనిరి. తమ కట్టుబాట్లను తామే యేర్పరచుకొనిరి. సరిగా ఆ కాలముననే ఐర్లండు ప్రజలును ఆంగ్ల న్యాయస్థానములను కాదని సొంత న్యాయస్థానములు నెలకొల్పుకొనుచుండిరి. రెండు జాతులు ఒకే పని చేసినవి.

రామనగరము సుమారు పదునొకండు నెలలు నిలిచినది. ఇంతలో బరంపురములో నిషేధాజ్ఞను ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది శిక్ష పడెను. నాయకుడు తిరుచిరాపల్లి చెరసాలలో నుండగా, చేతిలోని ధనము తరిగిపోగా, జనులు తిరిగి పాత యిండ్లకు చేరిరి. ఆయన 1928లో, నలువది యేండ్లు నిండకుండగనే, క్షయవ్యాధితో మరణించెను.

దీనిని ఓటమి యనువారు కలరు. పన్ను లెక్క చూచినచో అది నిజమే. కాని స్వపరిపాలన యనగా ఏమో ఆ పదునొకండు నెలలలో వారు చేసి చూచిరి. పేరు రామకథలోనిదే యైనను, పని నాటి అవసరమునకు సంబంధించినది. గతమును పూజించుట వేరు, గతము నుండి వర్తమానమునకు పనిముట్టు తెచ్చుకొనుట వేరు.

అయినను ఇంకొక ప్రశ్న మిగిలినది. రాముని పేరు ఊరిలోని అన్ని మతముల వారిని, అన్ని వాడల వారిని ఒకే తీరున పిలువగలదా? ‘మనది’ యను మాటలో ‘మనము’ ఎవరము? ఈ ప్రశ్నను ఇదే సీమకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ తన ‘మాలపల్లి’ నవలలో నిలిపెను. 1922లో వెలువడిన ఆ గ్రంథమును మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. పరాయి పాలకుని పంపివేసినంత మాత్రమున ఊరి చివర వాడకు స్వాతంత్ర్యము రాదని తెలుపుట ఆ నవల విశేషము.

కావున జాతి సంస్కృతిని కొలువవలసినది కట్టుబట్టతో కాదు, కీర్తిగానముతో కాదు. ఒక సంఘమును మాదియని చెప్పుటకు ముందు, దానిని నిర్మించుటలో ఎవరిని అడిగితిమి, ఎవరిని మరచితిమి అని చూచుకొనవలెను. మొదటి ప్రశ్న చీరాల పేరాల జనులు తెల్లదొరలను అడిగినది. రెండవది ‘మాలపల్లి’ మనలను అడిగినది. మొదటిదానికి 1947లో జవాబు దొరికినది. రెండవదానికి జవాబు ప్రతి తరమువారును తమ ఊరిలో తామే చెప్పుకొనవలసి యున్నది.