రేవు దాటిన ఖనిజం, రేవులో నిలిచిన ఉక్కు

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ ఓడ యారాడ కొండ పక్కగా కొత్త కాలువలోకి వచ్చి విశాఖ రేవులో ఆగింది. అంతకుముందు ఓడలు నడిసంద్రంలోనే లంగరు వేసుకునేవి, సరుకంతా పడవల మీద ఒడ్డు చేరేది. ఈ రేవు కోసం మేఘాద్రి గెడ్డ బురదనేలను తవ్వి లోతు చేశారు. కొట్టుకొచ్చే ఇసుక కాలువను పూడ్చకుండా జానస్, విల్లెస్డెన్ అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుగోడగా నిలబెట్టారు. ఇంత శ్రమ ఎందుకంటే మధ్య పరగణాల మాంగనీసు దగ్గరి దారిలో సముద్రం చేరాలి. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలుమార్గం, బెంగాల్ నాగపూర్ రైల్వే పూనిక, ఈ రేవు మూడూ ఒకే ఆలోచనలో భాగాలు. లోతట్టు ప్రాంతాల మట్టిని తవ్వి విదేశాలకు పంపడమే ఆ ఆలోచన. విశాఖ ఆర్థిక చరిత్రను నడిపింది ఈ పుట్టుకే. భూమిలోంచి తీసినదాన్ని తీసినట్టే అమ్ముకోవాలా, ఇక్కడే కరిగించి వస్తువుగా మలచుకోవాలా అన్న ప్రశ్నను మన దేశం ఈ ఊళ్లో మళ్లీ మళ్లీ ఎదుర్కొంది. తేల్చుకున్న ప్రతిసారీ సగమే తేల్చుకుంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సమాధానం దొరికినట్టే ఉండేది. 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణ కేంద్రంలో తయారైన జల ఉష ఓడను 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దింపారు. 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. అదే కాలంలో బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం జపాన్ ఉక్కు మిల్లులతో ఒప్పందం కుదిరింది. దానికోసం అరకు కొండలను తొలిచి, 58 సొరంగాలతో కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. ఆ ఖనిజాన్ని మోసే పెద్ద ఓడల కోసమే 1976 నాటికి ఔటర్ హార్బర్ కట్టారు. ఇదంతా తప్పని నేను అనను. తిండిగింజలు, యంత్రాలు బయటినుంచి కొనుక్కోవలసిన రోజుల్లో విదేశీ మారకం ప్రాణవాయువు, ఖనిజం అమ్మకపోతే అది వచ్చే దారి లేదు. అయితే ఆ ఒప్పందంలో జపాన్ ఏం రాయించుకుందో చూడాలి. ఏళ్ల తరబడి ఆగకుండా ఖనిజం అందేలా ఏర్పాటు చేసుకుంది. కొలిమి ఉన్నవాడు ముందుగా గనిని భద్రం చేసుకుంటాడన్న పాఠం మన కళ్లముందే ఉంది.

ఆ పాఠాన్ని మన కొలిమి విషయంలో మనం పట్టించుకోలేదు. తీరంలో ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైనదని నిపుణులు చెప్పాక కూడా కేంద్రం వెనకాడింది. కర్మాగారం విశాఖకే ఇవ్వాలని 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' నినాదం ఊరూరా పాకింది. ఆ ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. ఆ రాయి వేశాక మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' మండడానికి 1990 వరకు ఆగాల్సి వచ్చింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ రెండు దశాబ్దాలు ఊరికే పోలేదు, ఖర్చు పెరిగింది, అప్పు పెరిగింది, పుట్టకముందే వడ్డీ భారం మీదపడింది. అంతకాలమూ బైలడిల్లా ఖనిజం అదే ఊరి రేవులోంచి జపాన్‌కు వెళుతూనే ఉంది.

కర్మాగారానికి సొంత ఇనుప ఖనిజ గని ఇవ్వలేదన్నది అన్నిటికన్నా పెద్ద లోటు. భిలాయికి దల్లీ–రాజహర గనులున్నాయి, టాటాలకు నోవాముండి ఉంది. విశాఖ మాత్రం అదే కేంద్ర ప్రభుత్వానికి చెందిన గనుల సంస్థ ఎన్ఎండీసీ దగ్గర ధర కట్టి ఖనిజం కొంటుంది, కోకింగ్ బొగ్గును ఎక్కువగా ఓడల్లో తెప్పించుకుంటుంది. జపాన్, కొరియా మిల్లులకు తమ దేశంలో గనులు లేవుగా, అవెలా నెగ్గాయని వాదించేవారున్నారు. ప్రశ్న సరైనదే. కానీ ఆ మిల్లులు ఖనిజం కోసం ప్రతి ఏడూ బజారుకు వెళ్లలేదు. దీర్ఘకాల ఒప్పందాలతో, విదేశీ గనుల్లో పెట్టుబడులతో సరఫరాను పట్టుకున్నాయి. మన దగ్గర గనీ లేదు, గనికి సాటి ఒప్పందమూ లేదు. ప్రభుత్వ సంస్థ గనుక నష్టం తప్పదన్న మాట కూడా నిలవదు. 2000 తర్వాత చాలా ఏళ్లు ఇదే సంస్థ, ఇదే కార్మికులతో లాభాలు చూసింది. నిర్వహణలో లోపాలు లేవని కాదు, విస్తరణ కోసం తెచ్చిన అప్పులు నడుము వంచాయి. అయితే ముడిసరుకు ధర పెరిగినప్పుడు తట్టుకునే ఆసరా లేకుండా నిలబెట్టి, పడిపోయాక తప్పంతా సంస్థదేననడం న్యాయం కాదు. 2021 జనవరిలో నూటికి నూరు శాతం వాటా అమ్మాలని కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. డబ్బు వచ్చింది, గని రాలేదు. అప్పు తీరినా ఖనిజం ఖర్చు ఎప్పటిలాగే ఉంటుంది.

ఈ లెక్కలో భూమి ఇచ్చినవాళ్ల పద్దు కూడా ఉంది. కర్మాగారానికీ ఉక్కునగరానికీ పొలాలు వదులుకున్న కుటుంబాలకు ఆర్ కార్డులు, అంటే పునరావాస కార్డులిచ్చారు, ఆ కార్డు ఉద్యోగానికి హామీ అనుకున్నారు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, మిగిలినవారి కార్డులు తండ్రి చేతినుంచి కొడుకు చేతికి మారాయి. తీరం వెంట కొత్త ఉక్కు మిల్లుల ప్రతిపాదనలు వస్తున్న ఈ కాలంలో శంకుస్థాపన తేదీకన్నా ముందు రాసుకోవలసినవి రెండు: ఏ గనినుంచి ఎన్నేళ్లు, ఏ ధరకు ఖనిజం వస్తుందో చెప్పే కాగితం ఒకటి, నేల ఇచ్చిన ఇంటికి ఏ సంవత్సరానికి ఉద్యోగం వస్తుందో చెప్పే కాగితం మరొకటి. 1971లో ఈ రెండూ రాయలేదు.