షిండెన్: వెనుక ప్రొపెల్లర్ యుద్ధవిమానం

షిండెన్ రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో జపాన్ నౌకాదళం తయారు చేయించిన ప్రయోగాత్మక యుద్ధవిమానం. దీని అధికారిక సంకేతం జె7డబ్ల్యు1. ఆనాటి మామూలు యుద్ధవిమానాలకు ఇంజిన్, ప్రొపెల్లర్ ముందు, చిన్న తోకరెక్కలు వెనుక ఉండేవి. షిండెన్‌లో అంతా తారుమారు. చిన్న రెక్కలు ముక్కు దగ్గర, పెద్ద రెక్కలూ ఇంజినూ ఆరు ఆకుల ప్రొపెల్లరూ వెనుక. ముందు ప్రొపెల్లర్ అడ్డు లేనందువల్ల ముక్కులోనే నాలుగు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు అమర్చే వీలు చిక్కింది.

ఈ ఆలోచన నౌకాదళ సాంకేతిక అధికారి మసయోషి త్సురునోది. ముందు ఇదే ఆకృతిలో గ్లైడర్లు చేయించి ఎగరేసి చూశారు. తరువాత 1944లో నిర్మాణం క్యూషూ విమాన సంస్థ చేతికి వచ్చింది.

ఈ విమానం కోసం పడిన తొందరకు కారణం అమెరికా బి-29 బాంబర్లు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన జపాన్ నౌకాదళమే రెండేళ్లు తిరిగేసరికి సొంత ఊళ్లను కాచుకోవలసి వచ్చింది. తెలుగు రైల్వే కుటుంబాలు ఎరిగిన ఖరగ్‌పూర్ అప్పట్లో బి-29 దళానికి కేంద్రం. ఆ దళం చైనాలోని చెంగ్డూ మీదుగా వెళ్లి 1944 జూన్ 15 రాత్రి క్యూషూ దీవిలోని యవాతా ఉక్కు కర్మాగారంపై దాడి చేసింది. చాలా ఎత్తున పోయే అలాంటి భారీ విమానాన్ని అందుకోవడానికి వేగం, కూల్చడానికి పెద్ద ఫిరంగులు కావాలి. షిండెన్‌కు పెట్టిన లక్ష్యం గంటకు 750 కిలోమీటర్లు.

1945లో మొదటి నమూనా సిద్ధమైంది. పైలట్ వెనుకనున్న 2,000 అశ్వశక్తికి పైబడిన ఇంజిన్‌ను చల్లబరచడమే పెద్ద చిక్కయింది. నేలమీద పరుగెత్తించి చూసినప్పుడు ముక్కు పైకి లేచి, ప్రొపెల్లర్ కొసలు నేలకు తగిలాయి. మళ్లీ అలా జరగకుండా నిలువు రెక్కల అడుగున చిన్న చక్రాలు బిగించారు. ఇప్పుడు ఫుకువోకా విమానాశ్రయం ఉన్నచోట ఆగస్టు 3న అది తొలిసారి గాలిలోకి లేచింది. చక్రాలు లోపలికి ముడవలేదు. ప్రొపెల్లర్ తిరిగే ఊపుకు విమానం కుడివైపు ఒరిగిపోయేది. మరికొద్దిసార్లు ఎగిరినా మొత్తం గాలిలో ఉన్నది ముప్పావుగంట లోపే. ఆగస్టు 15న జపాన్ లొంగుబాటు ప్రకటించింది. పెద్ద ఎత్తున ఉత్పత్తి చేయాలన్న పథకమూ, జెట్ ఇంజిన్ పెట్టాలన్న ఆలోచనా కాగితాల మీదే ఆగాయి.

యుద్ధం ముగిశాక ఒక నమూనాను అమెరికా తీసుకుపోయింది. దాని ముందుభాగం వర్జీనియాలోని స్మిత్‌సోనియన్ విమాన ప్రదర్శనశాలలో ఉంది. 2023 నాటి ‘గాడ్జిల్లా మైనస్ వన్’ సినిమా కోసం చేసిన అసలు పరిమాణపు ప్రతిరూపాన్ని ఫుకువోకా ప్రాంతంలోని తచియరాయ్ శాంతి స్మారక ప్రదర్శనశాలలో చూడవచ్చు.