కేంద్రం సొమ్ము ఆగిన నాడు ఊరికి ఏమి మిగిలింది?



ఎన్నికలై ప్రభుత్వం మారినప్పుడల్లా రచ్చబండ దగ్గర నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "ఏమండీ ఏ.ఈ.ఓ. గారూ, ఆ పథకం ఇక వుంటుందా, ఎత్తేస్తారా?" అని. ఢిల్లీ నుంచి వచ్చే వాటా తగ్గిందని పత్రికలో పడిన మర్నాడు కూడా ఇదే ప్రశ్న. వుంటుందని చెప్పే అధికారం నాకు లేదు. పోతుందని చెప్పి మిమ్మల్ని బెదరగొట్టడం నా పని కాదు. అందుచేత ఈవేళ ఒక పాత చరిత్ర చెబుతాను. కేంద్ర ప్రభుత్వం మొదటిసారిగా దేశంలోని పల్లెలన్నిటికీ ఒక పథకం వేసి, డబ్బు పంపి, పదిహేడేళ్ళకు ఆ చేయి వెనక్కు తీసుకున్న కథ ఇది. మీ ప్రశ్నకు జవాబు అందులో చాలామట్టుకు వున్నది.

1948లో నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో ఆల్బర్టు మేయరు అనే అమెరికా దేశస్థుని సలహాతో ఒక ప్రయోగం జరిగినది. పై నుంచి హుకుములు జారీచేయకుండా, ఊళ్ళో రైతుతో కలసి పనిచేసే ఒక కార్యకర్తను పెడితే ఎట్లా వుంటుంది అన్నది ఆ ప్రయోగం. దాని అనుభవంతో 1952 అక్టోబరు 2, గాంధీజీ జయంతి నాడు, సమాజ వికాస పథకం 55 ప్రాజెక్టులతో దేశంలో మొదలైనది. అమెరికా ప్రభుత్వపు సాంకేతిక సహాయం, కార్యకర్తల శిక్షణకు ఫోర్డు ఫౌండేషను ధనసహాయం లభించాయి. ఎస్.కె. డే గారు దీనికి సారథి. మరుసటి సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినది. ఆ మర్నాడే జాతీయ విస్తరణ సేవ ఆరంభమైనది. 1963 నాటికి దేశమంతా 5,000కు పైగా బ్లాకులుగా ఏర్పడినది. అంతకుముందు పన్నులకూ, శాంతిభద్రతలకూ తప్ప సర్కారు మొహం చూడని ఊళ్ళకు గ్రామసేవకుడు సైకిలు మీద రావడం మొదలైనది.

బ్లాకు అంటే సుమారు 100 గ్రామాలు, 60, 70 వేల జనం. దానికి ఒక బ్లాకు అభివృద్ధి అధికారి, 8 మంది విస్తరణాధికారులు, 10 మంది గ్రామసేవకులు, ఇద్దరు గ్రామసేవికలు. ఒక్కొక్క గ్రామసేవకునికి పది ఊళ్ళు. కంపోస్టు గుంటలు తవ్వించడం, జీలుగ, పిల్లిపెసర విత్తనాలు పంచడం, జపాను పద్ధతిలో వరి నాటించడం, పశువులకు టీకాలు వేయించడం, శ్రమదానంతో బాట వేయించడం, పొగరాని పొయ్యి పెట్టించడం, ఇవన్నీ ఆ ఒక్క మనిషి పనులే.

ఇక డబ్బు సంగతి. దీన్ని జాగ్రత్తగా వినండి, కథ అంతా ఇక్కడే వున్నది. ఒక్కసారి అయ్యే ఖర్చులో కేంద్రానిది మూడు వంతులు, రాష్ట్రానిది ఒక వంతు. ఏటేటా అయ్యే ఖర్చులో చెరి సగం. 1958లో సవరించిన పద్ధతి ప్రకారం మొదటి దశలో అయిదేళ్ళకు బ్లాకుకు 12 లక్షల రూపాయలు, రెండవ దశలో మరి అయిదేళ్ళకు 5 లక్షలు. ఆ పైన ప్రత్యేక నిధులు లేవు.

పొలం గట్టు మీద కూర్చుని లెక్క కడదాము. 65 వేల జనానికి 12 లక్షలంటే మనిషికి పద్దెనిమిదిన్నర రూపాయలు, అదీ అయిదేళ్ళకు. ఏడాదికి నాలుగు రూపాయల లోపు. రెండవ దశలో ఏడాదికి మనిషికి రూపాయిన్నర. అంటే సహాయం తగ్గిపోతుందన్న మాట ఎవరో తరువాత చేసిన ద్రోహం కాదు. పథకం కాగితంలోనే రాసి వున్నది. మొదటి అయిదేళ్ళలో ఊరు తన కాళ్ళ మీద నిలబడుతుందని, ఆ తరువాత చేయి వదిలినా నడుస్తుందని పెద్దల అంచనా. ఆ గడువును ఊళ్ళో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మా శాఖలవారు కూడా తీసుకోలేదనే చెప్పాలి. ఎన్ని గుంటలు తవ్వించాము, ఎన్ని బస్తాలు పంచాము అన్నదే మా రిజిస్టరు. గుంట తవ్విన రైతు మరుసటేడు ఎవరూ చెప్పకుండా తనంతట తాను కంపోస్టు వేశాడా లేదా అన్న గడి ఆ రిజిస్టరులో లేదు.

ఈ లోపాన్ని పెద్దలు కనిపెట్టకపోలేదు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం ఈ పనులన్నిటినీ పరిశీలించి, పథకం ప్రజలలో సొంత చొరవ పుట్టించలేకపోయిందని చెప్పినది. అధికారం ప్రజలు ఎన్నుకున్న సంస్థల చేతికి రావాలని సిఫారసు చేసినది. ఆ ప్రకారం 1959 అక్టోబరులో నెహ్రూ గారు రాజస్థాన్‌లో నాగౌర్‌లోనూ, అదే నెలలో మన షాద్‌నగర్‌లోనూ పంచాయతీరాజ్యాన్ని ప్రారంభించారు. మన రాష్ట్రంలో పంచాయతి సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చినాయి. బ్లాకు కాస్తా సమితి అయినది. అయితే అధికారం కింద నుంచి వచ్చినా, సొమ్ము మాత్రం పై నుంచే రావలసి వచ్చినది. కాలవ మన పొలంలోదే, తూము తాళంచెవి మాత్రం ఎగువ ఊరివాడి దగ్గర వున్నట్లు.

తరువాత కాలం ఎదురు తిరిగినది. 1962లో చైనాతో యుద్ధం. 1964లో నెహ్రూ గారి మరణం. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. 1965-66, 1966-67 వరసగా రెండేళ్ళు అనావృష్టి. 1964-65లో 8.9 కోట్ల టన్నులు పండిన ఆహారధాన్యాలు మరుసటేడు 7.2 కోట్ల టన్నులకు పడిపోయినాయి. 1966లో సుమారు కోటి టన్నుల ధాన్యం ఓడల మీద రావలసి వచ్చినది. ఆ ఏడే రూపాయి విలువ తగ్గించారు. నాలుగో పంచవర్ష ప్రణాళిక మూడేళ్ళు వాయిదా పడినది. 1967 ఎన్నికలలో అనేక రాష్ట్రాలలో ప్రభుత్వాలు మారినాయి. ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు పెళ్ళికి దాచిన డబ్బుకు కూడా చేయి వెళ్ళుతుంది గదా! అట్లాగే 1966లో సమాజ వికాస మంత్రిత్వ శాఖను ఆహార, వ్యవసాయ శాఖలో కలిపివేశారు.

1969లో నాలుగో ప్రణాళిక మొదలైనప్పుడు ఈ పథకం పూర్తిగా రాష్ట్రాల పద్దులోకి వెళ్ళినది. కేంద్రం తన సహాయాన్ని ఇక ఒక్కొక్క పథకం పేర కాక, రాష్ట్ర ప్రణాళిక మొత్తానికి కలగలుపుగా, 30 పాళ్ళు గ్రాంటు, 70 పాళ్ళు అప్పు కింద ఇవ్వసాగినది. దీని అర్థం ఏమిటి? అంతకుముందు బ్లాకు డబ్బు బ్లాకుకే. ఇప్పుడది ఆనకట్టతో, ఆసుపత్రితో, కరెంటు స్తంభంతో పోటీపడి రాష్ట్రం దగ్గర తన వాటా తెచ్చుకోవాలి. గొంతు గట్టిగా లేనిది వెనకబడినది. సిబ్బందీ, వారి జీతాలూ వున్నాయి. వారు చేతితో చేయించగల పనికి డబ్బు సన్నగిల్లినది. 1978లో అశోక్ మెహతా సంఘం పంచాయతీరాజ్య చరిత్రను మూడు ముక్కలుగా చెప్పినది: 1959-64 ఎదుగుదల, 1965-69 స్తంభన, 1969-77 క్షీణత. చివరికి 1986లో మన రాష్ట్రంలో సమితులే పోయి మండలాలు వచ్చినాయి.

అయితే ఏమీ మిగలలేదా? మిగిలినది. ఇక్కడే ఒక చిత్రం వున్నది. బ్లాకుల డబ్బు సన్నగిల్లుతున్న ఆ సంవత్సరాలలోనే మన కృష్ణా, గోదావరి మండలాలలో వరి పంట రూపం మారిపోయినది. పశ్చిమగోదావరి జిల్లాను 1960-61 నుంచి ప్యాకేజి పథకం కింద తీసుకున్నారు. దేశం మొత్తం మీద మొదట తీసుకున్న ఏడు జిల్లాలలో అది ఒకటి. ఫిలిప్పీన్స్ నుంచి 1966లో ఐ.ఆర్.8 విత్తనం వచ్చినప్పుడు ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని తమ పొలంలో పండించి చూపారు. అక్కడి నుంచి విత్తనం ఇతర రైతులకు వెళ్ళినది. తమిళనాట తంజావూరులో ఎ.డి.టి.27 అనే వరి రకం ఆకాశవాణి ప్రసారాల మూలంగా ఎంతగా పాకిందంటే, రైతులు దాన్ని రేడియో వరి అనే పిలిచారు. గ్రాంటు అయిపోవచ్చు గాని, రైతు చేతికి చిక్కిన విత్తనం, చెవిన పడి పొలంలో రుజువైన మాట, వీటిని ఏ ప్రభుత్వమూ వెనక్కు తీసుకోజాలదు.

అయితే ఇందులో సగమే నిజం చెప్పి ఊరుకుంటే తప్పు. ఆ విత్తనానికి నీరు కావాలి, ఎరువు కావాలి, పండిన తరువాత ధర కావాలి. కేంద్రం 1963లో జాతీయ విత్తన సంస్థను, 1965లో ఆహార సంస్థను, వ్యవసాయ ధరల సంఘాన్ని ఏర్పరచినది. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసినది. అంటే కేంద్రం చేయి తీయలేదు, చోటు మార్చినది. ఊరి బాటల మీద, బావుల మీద పెట్టే సొమ్ము తగ్గి, నీళ్ళున్న చోట విత్తనానికీ, ఎరువుకూ, కొనుగోలుకూ సొమ్ము వెళ్ళినది. కాలవ కింద రైతుకు ఈ మార్పు కలిసివచ్చినది. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి మెట్ట జిల్లాల రైతుకు పాత సహాయం తగ్గినది, కొత్తది వెంటనే అందలేదు. కరువు ప్రాంతాల పథకాలు 1970 తరువాత గాని రాలేదు. ఒకే మార్పు ఒక ఊరికి వాన అయితే మరొక ఊరికి ఎండ అయినది.

ఇదే వరస తరువాత కూడా నడిచినది. 1970ల చివర ప్రపంచబ్యాంకు అప్పుతో శిక్షణ, సందర్శన పద్ధతి వచ్చినది. 1990లలో అప్పుతో పాటు ఆ పద్ధతీ చల్లబడినది. 2007లో వచ్చిన రాష్ట్రీయ కృషి వికాస యోజనకు మొదట నూటికి నూరు పాళ్ళు కేంద్రమే ఇచ్చినది. 2015లో ప్రణాళికా సంఘం పోయి నీతి ఆయోగ్ వచ్చినది. పన్నులలో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగినది. దానితో పాటే ఈ పథకంలో కేంద్రం వాటా 60 పాళ్ళకు దిగి, రాష్ట్రం 40 పెట్టుకోవలసి వచ్చినది. 1969లో జరిగినదే మళ్ళీ జరిగినదన్న మాట. పేరు పెట్టి ఇచ్చే సొమ్ము తగ్గినది, పేరు లేకుండా ఇచ్చే సొమ్ము పెరిగినది. పేరు లేని సొమ్మును అడిగినవారికే వాటా. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రైతు భరోసా కేంద్రాలుగా వెలసినవి 2024లో రైతు సేవా కేంద్రాలయినాయి. బోర్డు మారడం రైతుకు కొత్త కాదు. బోర్డు కింద కూర్చున్న మనిషి దగ్గర మనం ఏమి నేర్చుకున్నామన్నదే లెక్క.

అందుచేత ఈ చరిత్ర నుంచి నేను మూడు మాటలు చెబుతాను.

మొదటిది, ఏ పథకమైనా ఊళ్ళోకి వచ్చిన రోజునే అడగండి: ఇది ఎన్నేళ్ళు? ఎవరి వాటా ఎంత? గడువు తీరాక దీని మరమ్మతు ఎవరు చూస్తారు? కరువు ప్రాంతాల పథకాలపై 1994లో నివేదిక ఇచ్చిన సి.హెచ్. హనుమంతరావు గారి సంఘం బాటలోనే, వాటర్‌షెడ్ పనులలో ప్రజల వాటాతో ఒక నిర్వహణ నిధి వుండాలన్న నియమం వచ్చినది. ఆ నిధి సక్రమంగా వుంటే, పూడిక నిండిన చెక్‌డ్యాముకు ఎవరి దరఖాస్తూ అక్కరలేదు.

రెండవది, సొమ్ము చోటు మారినప్పుడు మనం అడిగే చోటు కూడా మారాలి. ఢిల్లీ వాటా రాష్ట్రం చేతికి వస్తే, జిల్లాలో, మండలంలో అడగాలి. గ్రామసభలో తీర్మానం రాయించాలి. 1969లో ఆ మాట తెలియక మన సమితులు నష్టపోయినాయి.

మూడవది మాకూ మీకూ కూడా. నేను లేకపోయినా సాగే పని ఒక్కటైనా నా నుంచి నేర్చుకోండి. ఉదాహరణకు, వరి విత్తనం పోసే ముందు 100 గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి, తడి ఆరకుండా వుంచి, వారం పది రోజులలో ఎన్ని మొలిచాయో చూడండి. 80కి తగ్గితే ఆ విత్తనం మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ పరీక్షకు గ్రాంటు అక్కరలేదు, సబ్సిడీ అక్కరలేదు, నేనూ అక్కరలేదు. ఊరికి పదిమందికి ఇది చేతనైతే, రేపు నా ఉద్యోగపు పేరు మారినా, నా పది ఊళ్ళు ఇరవై అయినా, ఆ ఊరి విత్తనం చెడదు.

ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు. ఇక్కడ ఎరువు అంటే పొలంలో చల్లేది కాదు, అడిగి తెచ్చుకున్నది. అడిగి తెచ్చుకోవడం తప్పని నేను అనను. పన్ను కట్టే రైతుకు అది హక్కు, ఆ హక్కు కోసం అడగవలసిందే. అయితే దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. సహాయం వచ్చిన మొదటి రోజునే చివరి రోజును తలచుకున్న ఊరు ఏ ప్రభుత్వం వచ్చినా తట్టుకుంటుంది. మళ్ళీ రచ్చబండ దగ్గర కలిసినప్పుడు "పథకం వుంటుందా?" అనే గాక, "పథకం పోతే మనకేం మిగులుతుంది?" అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు జవాబు నేనూ మీరూ కలసి తయారు చేసుకోగలము.

సెలవు.