మోడ్లారాయిట్: వాగుకు అటూ ఇటూ

జర్మనీలో బవేరియా, థురింజియా రాష్ట్రాలు కలిసే చోట మోడ్లారాయిట్ అనే పల్లె ఉంది. జనాభా యాభైకి అటూ ఇటూ. ఊరి నడుమ పారే టాన్‌బాఖ్ చాలాచోట్ల ఒక్క అంగలో దాటగలిగే పిల్లవాగు. అయినా ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఊరు పడ్డ బాధంతా దాని గట్ల మీదే జరిగింది.

1810లో వాగు వెంట సరిహద్దు రాళ్లు నాటారు. ఒక ఒడ్డు బవేరియా రాజ్యానిది, రెండోది రాయిస్ సంస్థానానిది. ఏలికలు వేరైనా ఊరి బతుకు ఒక్కటిగానే సాగింది. బడి, పానశాల థురింజియా ఒడ్డున ఉండేవి. ప్రార్థనకు అందరూ బవేరియా వైపున్న టోపెన్ చర్చికి వెళ్లేవారు. రాజరికాలు పోయాక కూడా ఈ రాకపోకలు ఆగలేదు.

1945లో జర్మనీ ఓడిపోయాక థురింజియా సోవియట్ సేనల కిందికి, బవేరియా అమెరికన్ల కిందికి వచ్చాయి. 1949లో రెండు జర్మనీలు ఏర్పడడంతో పాత గట్టే దేశాల సరిహద్దు అయింది. అసలు దెబ్బ 1952 మే 26న పడింది. తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు పొడవునా 5 కిలోమీటర్ల నిషిద్ధ మండలాన్ని, అందులో 500 మీటర్ల రక్షణ పట్టీని ప్రకటించింది. నమ్మకం లేని కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించి దూరప్రాంతాలకు తరలించింది. మోడ్లారాయిట్ నడుమ మొదట చెక్కల దడి, తర్వాత ముళ్లకంచె లేచాయి. 1966లో 700 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తున కాంక్రీటు గోడ కట్టారు.

అమెరికన్ సైనికులు ఈ ఊరిని 'చిన్న బెర్లిన్' అన్నారు. అమెరికా ఉపాధ్యక్షుడి హోదాలో జార్జ్ బుష్ 1983లో వచ్చి చూశాడు. కానీ ఒక విషయంలో ఇక్కడి గోడ బెర్లిన్ గోడకన్నా కఠినం: అక్కడ తనిఖీ ద్వారాలైనా ఉండేవి, ఇక్కడ అదీ లేదు. పడమటి బంధువులను నిషిద్ధ మండలంలోకి రానిచ్చేవారు కాదు. ఎదుటి ఒడ్డువారికి చెయ్యి ఊపడం కూడా తూర్పువారికి నిషేధమే. కళ్లెదుట ఉన్న ఇంటివాళ్లను పలకరించకుండా ఒక తరం బతకాల్సి వచ్చింది.

బెర్లిన్ గోడ తెరుచుకున్న నెలకు, 1989 డిసెంబర్ 9న, ఇక్కడ కాలినడకన దాటేందుకు దారి ఇచ్చారు. 1990 జూన్ 17న యంత్రంతో గోడను కూల్చడం మొదలుపెట్టారు. దాదాపు 100 మీటర్ల ముక్కను మాత్రం అలాగే ఉంచారు. అదే ఏడాది మొదలైన జర్మన్-జర్మన్ మ్యూజియం ఆ గోడను, కావలి బురుజును, కంచెలను సందర్శకులకు చూపుతోంది. 2015లో వచ్చిన 'టాన్‌బాఖ్' టీవీ ధారావాహికకు ప్రేరణ ఈ ఊరి కథే.

ఊరు మళ్లీ కలిసినా పాలన మాత్రం నేటికీ రెండుగానే ఉంది. ఒక సగం టోపెన్ పంచాయతీలో, మరో సగం గేఫెల్ పట్టణ పరిధిలో ఉన్నాయి. పిన్‌కోడ్, ఫోన్ కోడ్, బండి నంబరు, ఎన్నుకునే మేయరు కూడా వేర్వేరే. మ్యూజియాన్ని మాత్రం రెండు ఒడ్ల స్థానిక సంస్థలూ కలిసి నడుపుతున్నాయి.